హైఫాంగ్: తురాయిపూల రేవు

వియత్నాం ఉత్తర తీరంలో, హనోయ్‌కి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కామ్ నది ఒడ్డున ఉన్న రేవు పట్టణం హైఫాంగ్. హాలాంగ్ బే చూడబోయే యాత్రికుల్లో చాలామంది ఇక్కడ ఆగరు. క్రేన్లు, కంటైనర్లు, ఫ్యాక్టరీలు తప్ప ఏమున్నాయిలే అనుకుంటారు. ఆ అంచనా తప్పు.

1946 నవంబరులో ఫ్రెంచి నౌకలు ఈ ఊరి మీద ఫిరంగులు పేల్చాయి. 1972 మే నెలలో అమెరికా విమానాలు రేవు దారిలో మైన్లు జారవిడిచాయి. రెండుసార్లూ ఊరు తేరుకుంది.

వేసవి రాగానే వీధుల్లో తురాయిచెట్లు ఎర్రగా విరగబూస్తాయి. పొద్దున్నే జనం పొట్టి స్టూళ్ల మీద కూర్చుని బాన్ దా కువా తింటారు: గోధుమరంగు బియ్యపు నూడుల్స్, వేడివేడి పీతల రసం, పైన తేలే పీత గుజ్జు, గుప్పెడు ఆకుకూర.

హనోయ్ నుంచి రైల్లో రెండున్నర గంటల ప్రయాణం. హాలాంగ్ వెళ్లేవారు ఒక పూటైనా ఇక్కడ ఆగాలి.