నవ్వు ఎక్కడ ఆగింది?

ఒక మగవాడు మన ఎదుట కూర్చుని ఆడవాళ్ల గురించి చమత్కారంగా మాట్లాడుతుంటే మనం ఎందుకు నవ్వుతాం? ‘రోజర్ డాడ్జర్’ సినిమాని ఈమధ్య రెండోసారి చూసినప్పుడు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. 2002లో వచ్చిన ఈ చిత్రం డిలన్ కిడ్‌కి దర్శకుడిగా మొదటిది. తక్కువ ఖర్చుతో, చేతిలో పట్టుకున్న కెమెరాతో తీశారు. కథ చాలాభాగం న్యూయార్క్‌లో ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. ఆ ఏడాదే మొదలైన ట్రైబెకా చిత్రోత్సవంలో ఉత్తమ కథాచిత్రం బహుమతి అందుకుంది.

రోజర్ (క్యాంప్‌బెల్ స్కాట్) వాణిజ్య ప్రకటనలు రాస్తాడు. వస్తువు అమ్ముడుపోవాలంటే కొనేవాళ్లకి ముందు తమలో ఏదో లోటుందనిపించాలి, అదీ అతని వృత్తి రహస్యం. బార్లో కనిపించిన స్త్రీల మీదా అదే ప్రయోగిస్తాడు. ముఖం చూసి జీవితం చెప్పేస్తాడు. పై అధికారి జాయిస్‌తో (ఇసబెల్లా రోసెలినీ) అతనికి సంబంధం ఉంది. ఆమె ఇక చాలంటుంది. అందరినీ చదవగలననుకునే మనిషికి ఆ ఒక్క మాట మాత్రం అర్థం కాదు. అప్పుడే పదహారేళ్ల మేనల్లుడు నిక్ (జెస్సీ ఐసెన్‌బర్గ్) ఆడవాళ్లని ఆకట్టుకునే విద్య నేర్పమంటూ వస్తాడు. పాఠాలు చెబుతూ చెబుతూ రోజర్ వాణ్ణి జాయిస్ ఇంట్లో పార్టీకి, తనని పిలవని చోటికి, తీసుకుపోతాడు.

స్త్రీలోలుడు ఒకే స్త్రీని పట్టుకుని వదలనివాడిగా మారిన కథ అని దీన్ని చెప్పుకోవచ్చు. నాకు ఆ ‘మారడం’ మీదే అనుమానం. పదిమంది వెంట తిరిగేవాడూ ఒక్కరి వెంటే పడేవాడూ వేరువేరు మనుషుల్లా కనిపిస్తారు. కానీ ఇద్దరి నమ్మకమూ ఒకటే: నీ మనసు నీకంటే నాకే బాగా తెలుసు. ఆ నమ్మకాన్ని మొదట్లో చమత్కారం అంటాం. ‘వద్దు’ అనే మాట తగిలాక గానీ అదేమిటో బయటపడదు.

పీహెచ్‌డీ రోజుల్లో మాకొక సీనియర్ ఉండేవాడు. క్యాంటీన్లోకి వచ్చిన ప్రతి అమ్మాయి గురించీ, నడకని బట్టీ చేతిలోని పుస్తకాన్ని బట్టీ, ఒక కథ అల్లేవాడు. అందరం నవ్వేవాళ్లం. పితృస్వామ్యం మీద సెమినార్ పత్రాలు రాస్తున్న నేనూ నవ్వాను. అతని తెలివికి నవ్వగలగడం నా తెలివికి రుజువనుకున్నానేమో. తర్వాత నా స్నేహితురాలు అతనికి ఇష్టం లేదని చెప్పింది. ఇక రాత్రుళ్లు ఫోన్లు, హాస్టల్ గేటు దగ్గర నిలబడటం, లైబ్రరీలో ఎదురు కుర్చీ... ఏడుస్తూ నా గదికి వచ్చిన రోజు, ‘అతనిలాంటివాడని అనుకోలేదే’ అన్నాను. ‘నా గురించి కథ చెప్పినప్పుడు నువ్వూ నవ్వావు కదే’ అంది. నా దగ్గర జవాబు లేదు.

జాయిస్ విషయం అంత సులువు కాదు. ఆమె అధికారి, అతను కింది ఉద్యోగి. ఆమె స్థానంలో మగవాడుంటే మనం అధికార దుర్వినియోగం గురించే ముందు మాట్లాడేవాళ్లం. ఆ ప్రశ్న ఇక్కడా అడగాల్సిందే. అయినా అధికారం ఉన్న స్త్రీ అన్న ‘వద్దు’ కూడా వద్దే. ఆమె వైపు తప్పుంటే అది అతనికి ఆమె గుమ్మం తొక్కే హక్కునివ్వదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ పార్టీలోని ఇంకొక స్త్రీ. మత్తులో ఉండి పడకగదికి చేరిన ఆమె దగ్గరికి రోజర్ నిక్‌ని పురమాయిస్తాడు. నిక్ చివరికి వెనక్కి తగ్గుతాడు. కుర్రాడు మంచివాడని మనం ఊపిరి పీల్చుకుంటాం. తెల్లారాక ఆమెకేం గుర్తుంటుంది, ఏమనిపిస్తుంది అన్నది మాత్రం కథకి అక్కర్లేదు. ఒక మగపిల్లవాడి మంచితనానికి ఆమె పరీక్షగా మిగిలిపోయింది. రోజర్‌ని ఇంత నిశితంగా చూసిన సినిమా కూడా ఆమె వైపు తిరిగి చూడలేదు.

చివర్లో రోజర్ ఒహాయో వెళ్లి, నిక్ స్కూలు క్యాంటీన్లో కుర్రాళ్ల మధ్య కూర్చుని సలహాలిస్తుంటాడు. కొంచెం మెత్తబడ్డాడు. కానీ చెప్పేది అతనే, వినేవాళ్లే కొత్తవాళ్లు. నాకు మా క్యాంటీన్ గుర్తొచ్చింది.

నవ్వడం తప్పని నేననను. ఈ సినిమా నన్ను ఇప్పటికీ నవ్విస్తుంది. కాకపోతే మన మధ్య లేని ఒక స్త్రీ గురించి నవ్వేటప్పుడు, ఆమె ఇక్కడే ఉంటే తనూ నవ్వేదా అని ఎవరికి వాళ్లం అడుక్కోవాలి. రెండోసారి ఈ సినిమాని నా స్నేహితురాలితో కలిసే చూశాను. మొదటి సన్నివేశంలో ఇద్దరం నవ్వాం. పడకగది సన్నివేశానికి చాలా ముందే ఆమె నవ్వు ఆగిపోయింది. సరిగ్గా ఎక్కడ ఆగిందో నేను గమనించలేదు. ఈసారి ఆమెనే అడగాలి.