ఆపరేషన్ ఎప్పుడు ముగుస్తుంది?

“ఆపరేషన్ జయప్రదంగా ముగిసింది” అని డాక్టరు చెప్పగానే మనం ఊపిరి పీల్చుకొంటాం. కాని ఈ మాటలో తేలవలసిన విషయం ఒకటి మిగిలే ఉంది. జయం ఎవరిది? దాన్ని ఎన్నాళ్లకు కొలిచారు? శస్త్రచికిత్సల ఫలితాలను లెక్కకట్టేవారు సాధారణంగా 30 రోజులు చూస్తారు. మనిషి బ్రతుకు 30 రోజులు కాదు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. మలద్వారం లేకుండా శిశువు పుట్టడం అరుదైన లోపమని వైద్యగ్రంథాలు చెబుతాయి; సుమారు 5,000 జననాలకు ఒకటి. మన దేశంలో ఏటా 2 కోట్లకు మించి శిశువులు పుడుతున్నారు. ఆ లెక్కన ఈ “అరుదైన” శిశువులు ఏటా 4,000కు పైమాటే. వేర్వేరు ఊళ్లలో చెదరి ఉన్నారు కాబట్టి వీరు కంటికి ఆనరు. వీరి తల్లిదండ్రులు ఒకచోట చేరి అడగలేరు.

శాస్త్రం వీరిని విడిచిపెట్టలేదు. 1793లో ఫ్రాన్సులోని బ్రెస్ట్ నగరంలో దురే అనే వైద్యుడు ఇటువంటి శిశువుకు పొట్టమీద పేగుకు దారి తెరిచాడు. ఆ శిశువు 45 ఏళ్లు బ్రతికాడు. 1982లో డి వ్రీస్, పేన్యాలు ప్రకటించిన పద్ధతి, మలాన్ని అదుపుచేసే కండరాలను కంటితో చూచి, వాటి నడుమనే కొత్త ద్వారాన్ని అమర్చే వీలు కల్పించింది. ఇది మానవ శ్రమ సాధించిన విజయం. దీన్ని తక్కువ చేసేవాడు అభ్యుదయవాది కాడు.

అయితే కత్తి పని అయ్యాక మరొక పని మొదలవుతుంది. కొత్త ద్వారం కుంచించుకుపోకుండా, సాధారణంగా రోజుకు రెండుసార్లు, నునుపైన లోహపు కడ్డీతో సాగదీయాలి. ఇది నెలల తరబడి సాగే పని. మానితే మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు. ఇది చేసేది సర్జను కాదు, తల్లి. ఆమె కోరుట్లలోనో జగిత్యాలలోనో బీడీలు చుట్టే మనిషి అనుకోండి. కూలి వెయ్యి బీడీల లెక్కన. భర్త గల్ఫులో ఉంటాడు, లేదా సిరిసిల్లలో సాంచాల మీద మీటర్ల లెక్కన నేస్తాడు. ఏడ్చే బిడ్డను పట్టుకొన్న ప్రతి ఘడియకూ ఆమె చాటలో బీడీలు తగ్గుతాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలయిన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చును ప్రభుత్వం మీద పెట్టింది. అది నిలుపుకోవలసిన హక్కు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో, ఆపరేషన్ తరువాత కోలుకొనే రోగికి రోజుకు 225 రూపాయల భృతి ప్రవేశపెట్టారు. రోగి విశ్రాంతికి ధర ఉందని ఆ విధంగా ఒప్పుకొన్నారు. సాకే తల్లి శ్రమకు మాత్రం ధర కట్టినవారు లేరు.

“సర్జను బాధ్యత బల్ల దగ్గరే తీరుతుంది, పేదరికానికి అతడేం చేస్తాడు?” అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గత శతాబ్దపు తొలినాళ్లలో బోస్టన్ సర్జను కాడ్మన్ ప్రతి రోగినీ ఏడాది తరువాత మళ్లీ పరీక్షించాలనీ, ఫలితం మంచిదైనా చెడ్డదైనా ప్రకటించాలనీ పట్టుబట్టాడు. తన తప్పులను తానే అచ్చువేశాడు. తోటివారిలో చాలామందికి అది రుచించలేదు. సర్జను పేదరికాన్ని తీర్చనక్కరలేదు. కాని తన పని చివరకు ఏమైందో చూడాలి. చూడనిదానికి ఎవరూ బాధ్యత వహించరు.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మన ఆసుపత్రుల రిజిస్టరులో “డిశ్చార్జి” గడి పక్కన “బడిలో చేరాడా?” అన్న గడి ఒకటి కావాలి. ఈ పిల్లల్లో కొందరికి ఏళ్ల తరబడి విసర్జన అదుపులో ఉండదు. బట్టలు పాడుచేసుకొన్న పిల్లవాణ్ణి తరగతి ఎగతాళి చేస్తే, వాడు ఇంటిదారి పట్టి మళ్లీ రాకపోతే, ఆ ఓటమి ఏ ఆసుపత్రి లెక్కకూ ఎక్కదు. అది మన కళ్లముందే, మన తరగతిలోనే జరుగుతుంది. వాడు తోటివారితో సమానంగా బడిలో కూర్చోగలిగిననాడే ఆపరేషన్ ముగిసినట్టు. అందులో ప్రభుత్వానికెంత వంతు ఉందో, ఉపాధ్యాయులకూ అంత వంతు ఉంది.