పూతకు ముందు లెక్క

ధ్యాన భాగములు: లూకా 14:28–30, లేవీయకాండము 14:33–48, 2 రాజులు 12:4–15



క్రిస్మసు దగ్గరపడుచున్నదనగానే మన పల్లెలలో ఇంటి గోడలు మనలను నిలదీయుట మొదలిడును. పెచ్చులూడిన చోటు, చెమ్మ ఎక్కిన చోటు, వాన నీరు కారిన చారలు, ఇవన్నియు సంవత్సరమంతయు ఉన్నవే. అయినను ఆ నెలలోనే అవి కంటికి గుచ్చుకొనును. చుట్టములు వత్తురు; పాటలు పాడువారు రాత్రివేళ వాకిట నిలుతురు. "గోడ ఇట్లుండగా పండుగ ఎట్లు చేయుదుము?" అని ఇంటివారు తొందరపడుదురు. ఆ తొందరలోనే వడ్డీ వ్యాపారి కాగితముమీద సంతకము పడును. పండుగ మూడు దినములలో గడచిపోవును గాని ఆ కాగితము మూడేండ్లు ఇంటిలో కూర్చుండును.

ఒక సహోదరి నాతో ఇట్లనెను: "అయ్యగారూ, మా గోడ చూచి వీధిలోనివారు నవ్వుచున్నారు. అప్పు చేసియైనను ఈ యేడు సిమెంటు పూత పూయించెదను." నేను ఆమెకు లూకా సువార్త 14వ అధ్యాయము చదివి వినిపించితిని. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి, తన యొద్దనున్నది చాలునో చాలదో లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు అక్కడ బోధించెను. "అమ్మా, ఆ వచనములలో జనులు ఎవనిని చూచి నవ్విరి? పాత ఇంటిలో ఉన్నవానిని చూచియా?" అని అడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "కాదండి, మొదలుపెట్టి ముగించలేనివానిని చూచి" అనెను. ఆ జవాబే ఈ మాసపు ప్రసంగము.

ప్రభువు ఈ ఉపమానమును తన్ను వెంబడింపగోరిన జనసమూహముతో చెప్పెను. శిష్యుడగుటకు వెల ఎంతో ఎరిగి రండని దాని భావము. అయినను ఆయన ఇంటి పనిలోనుండి ఆ మాట తీసికొనుట ఊరక జరుగలేదు. ఆయన వడ్లవాడు; సగములో ఆగిన గోడలను కన్నులార చూచినవాడు. లూకా సువార్త తెలుగులోనికి వచ్చినదియు మన విశాఖపట్నములోనే. లండను మిషనరీ సంఘమువారైన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ దొరలు 1805లో ఇక్కడికి వచ్చి, ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి సహాయముతో అనువాదము సాగించిరి. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయినవి. వెల ఎరిగి పని మొదలుపెట్టినవారు దాని ఫలమును కన్నులార చూడకయే వెళ్లిరి. ఇతరులు దానిని ముగించిరి.

ఇప్పుడు మన ఇంటి గోడయొద్దకు వత్తము. మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది: గోడను తట్టి చూడవలెను.

మనది ఉప్పుగాలి తీరము. భీమునిపట్నము మొదలుకొని పూడిమడక వరకు సముద్రపు గాలి గోడలలోను శ్లాబులలోను ఉన్న సన్నని పగుళ్లలోనికి ఉప్పును చేరవేయును. ఆ ఉప్పు చెమ్మతో కలిసి లోపలి ఇనుప చువ్వను ముట్టును. చువ్వ తుప్పుపట్టును, తుప్పుపట్టినది ఉబ్బును, ఉబ్బి తన మీదనున్న సిమెంటును పగులగొట్టి నెట్టివేయును. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగిన ఊరు మనది. ఉక్కు బలము మనకు తెలియును. అయినను ఉప్పు లోపల చేరిన తరువాత ఆ ఉక్కు కూడ నిలువదు. ఇసుక చౌకగా వచ్చునని సముద్రపు ఒడ్డు ఇసుకతో పూత పూసినచో ఉప్పును మనమే గోడకు పెట్టినవారమగుదుము.

కాబట్టి పని తెలిసిన తాపీమేస్త్రీ ముందుగా రంగు డబ్బా తెరవడు. గోడను తట్టి వినును. గట్టిచోట గట్టి శబ్దము వచ్చును, డొల్లచోట డొల్ల శబ్దము వచ్చును. డొల్లనంతయు చెక్కివేసి, తుప్పు గీకి, అప్పుడు క్రొత్త పూత పూయును. లేవీయకాండములోని యాజకుడును ఇట్లే చేసెను. ఇంటి గోడలో పచ్చగానో ఎఱ్ఱగానో మరకలు లోతుగా దిగియున్నట్లు కనబడినప్పుడు అతడు వెంటనే తీర్పు తీర్చలేదు. మొదట ఇంటిలోని సామాను బయటికి తెప్పించెను. ఆ కుటుంబమునకు నష్టము తక్కువ కావలెనని దేవుని దయ. ఏడు దినములు ఇల్లు మూయించి మరల చూచెను. మరక ప్రాకినయెడల చెడిన రాళ్లను తీయించి, గోడలు గీయించి, వేరు రాళ్లు పెట్టించి, వేరు అడుసుతో పూయించెను. మరకమీద పూత పూయుమని దేవుడు ఎక్కడను చెప్పలేదు.

యెహెజ్కేలు 13వ అధ్యాయములో అబద్ధ ప్రవక్తలు చేసినది అదే. బలములేని గోడకు పైపూత పూసి, అంతయు సమాధానమే అనిరి. వానయు వడగండ్లును గాలియు వచ్చినప్పుడు గోడ పడి పునాది బయలుపడెను. మనమును గాలి చూచితిమి. 2014 అక్టోబరు 12వ తేదీ, ఆదివారమున, హుద్‌హుద్ తుపాను విశాఖమీదికి వచ్చినప్పుడు రేకులు ఎగిరినవి, గోడలు కూలినవి. ఇల్లు పడినవారు ఇతరులకంటె పాపులు కారు. సిలోయము గోపురమును గూర్చి ప్రభువు చెప్పిన మాట (లూకా 13:4, 5) మరువకూడదు. అయితే గాలి వచ్చువరకు డొల్లను దాచియుంచుట జ్ఞానము కాదు.

రెండవది: కనబడనిదానికిని లెక్క వేయవలెను.

చింతపల్లి, లంబసింగి వైపు కొండలమీది మన సహోదరులకు గోడ విలువ మనకంటె ఎక్కువ తెలియును. పుష్యమాసపు రాత్రులలో అక్కడ చలి సున్న డిగ్రీల దగ్గరకు దిగిన దినములున్నవి. గోడ బీటలోనుండి వచ్చు ఆ చలిగాలి ముసలివారి ఎముకలలోనికి, పసిబిడ్డ రొమ్ములోనికి పోవును. అక్కడ గోడ బాగుచేయుట అందముకొరకు కాదు, ప్రేమకొరకు. మంచు కురియు అమెరికా, కెనడా దేశములలో అనేక ఇండ్ల గోడలకు వెలుపల పలకలు బిగింతురు. అవి పాతబడి తీసినప్పుడు, వాటి వెనుక నీరు దిగి లోపలి కఱ్ఱ కుళ్లియుండుట కొన్నిసార్లు కనబడును. అందుచేత అక్కడి తెలివిగలవారు పలకల వెలతోపాటు, తీసిన తరువాత బయలుపడు నష్టమునకును కొంత సొమ్ము ప్రత్యేకించియుంచుదురు.

మనమును అట్లే చేయుదము. ఒక కాగితము తీసికొని భార్యాభర్తలు కలిసి కూర్చుండవలెను. సిమెంటు, ఏటి ఇసుక, మేస్త్రీ కూలి, సహాయకుల కూలి, పరంజా కఱ్ఱలు, చెక్కిన పెచ్చులు మోయించు ఖర్చు, మనము పనికి పోలేని దినముల నష్టము, ఇవి వ్రాయవలెను. మొత్తము పది రూపాయలైన యెడల, లోపల ఏమి బయలుపడునో అని ఇంకను రెండు రూపాయలు చేర్చవలెను. తరువాత అప్పు మాట. నలుబది వేల రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చితిరనుకొనుడి. నెలకు 1,200, సంవత్సరమునకు 14,400, మూడు సంవత్సరములకు 43,200. అసలుకంటె ఎక్కువ చెల్లించితిరి, అసలు అట్లే యున్నది! ఆ పూత క్రింద మీ పిల్లల చదువు పూడిపోలేదా?

మూడవది: పెట్టె పెట్టవలెను.

యోవాషు రాజు దినములలో మందిరము శిథిలమై బాగుచేయవలసి వచ్చెను. సొమ్ము వచ్చుచునే యుండెను, అయినను రాజు ఏలుబడిలో ఇరువదిమూడవ సంవత్సరము వరకు పని జరుగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము చేసి, బలిపీఠము దగ్గర పెట్టెను. అది నిండినప్పుడు రాజు లేఖికుడును ప్రధానయాజకుడును ఇద్దరు కలిసి లెక్కించిరి. వడ్లవారికిని తాపీవారికిని రాళ్లు చెక్కువారికిని కూలి ముట్టినది. పని జరుగుచుండగా ఆ సొమ్ముతో వెండి బంగారు పాత్రలు చేయింపలేదు. పని ముగిసి సొమ్ము మిగిలిన తరువాతనే పాత్రలు చేయించిరని 2 దినవృత్తాంతములు 24:14 చెప్పుచున్నది. గోడ ముందు, అలంకారము తరువాత.

మీ ఇంటిలోను అటువంటి పెట్టె యుండనీయుడి. డబ్బా మూతకు బెజ్జము చేయుడి; లేదా పొదుపు సంఘములో ఇందుకొరకే వేరుగా దాచుకొనుడి. ఇద్దరు కలిసి లెక్కించుడి. ప్రభువు భాగము ముందు తీసి, తరువాత గోడ భాగము వేయుడి. అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము గనుక పనికి తగినవి కావు. సంక్రాంతి వెళ్లిన తరువాత గోడ ఆరియుండును. పూసిన పూతను కనీసము ఏడు దినములు నీటితో తడుపుటకు తీరిక యుండును. ఈ క్రిస్మసుకు సున్నము చాలును. శుభ్రతకొరకు సున్నము వేయుట పాపము కాదు. బలహీనతను దాచి బాగున్నదని చెప్పుటయే పాపము. మన రక్షకుడు పశువుల తొట్టిలో పరుండెను. ఆయన జన్మదినమునకు మీ గోడ పెచ్చులు ఆయనకు సిగ్గు కలిగింపవు.

ఆ సహోదరి ఆ సంవత్సరము సున్నము వేసికొనెను. మరుసటి సంవత్సరము వేసవికి ముందు అప్పులేకుండ వీధివైపు గోడ ఒకటి బాగుచేయించుకొనెను. తక్కిన మూడు గోడలకు ఆమె డబ్బా ఇంకను నిండుచున్నది.

ప్రియులారా, మన హృదయపు గోడను మనమెన్నిసార్లు పైపూతతో సరిపెట్టుకొంటిమి? యేసు ప్రభువు ఆ డొల్లను తట్టి చూచువాడు. చూచి విడిచిపెట్టువాడు కాడు. మనలను బాగుచేయుటకు వెల ఎంతో ముందే ఎరిగి, సిలువమీద అంతయు తానే చెల్లించెను. ఆయన మొదలుపెట్టినదానిని సగములో విడువడు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా ఇండ్లను, మా లెక్కలను నీ యెదుట ఉంచుచున్నాము. దాచుకొను అలవాటునుండియు, అప్పు బంధకములనుండియు మమ్మును విడిపింపుము. చలిలోను గాలిలోను ఉన్న పేదవారి గోడలను మరువకుండునట్లు మాకు మనస్సునిమ్ము. మాలో నీవు ఆరంభించిన పనిని ముగింపుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.