ఆ 32 మీటర్లు ఎవరివి?

పడవని రోడ్డు మీద లాక్కెళ్ళడానికి ఏ బండి కొనాలి అన్నది మొదట డబ్బుకీ, ఇంజనీరింగుకీ సంబంధించిన ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాస్త లెక్క వేసి చూస్తే దాని అడుగున ఇంకో ప్రశ్న ఉంది: నా సరదా కోసం ముక్కూ మొహం తెలియనివాళ్ళ మీద ఎంత ప్రమాదం మోపవచ్చు?

విశాఖలో సముద్రం ఉంది, నావికాదళం ఉంది, తెరచాప పడవలు కొత్తేమీ కాదు. కానీ పందేలకి వెళ్ళాలంటే పడవ కూడా రోడ్డెక్కాలి. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో ఏటా సెయిలింగ్ వీక్ జరుగుతుంది. ఇక్కణ్ణుంచి అక్కడికి 600 కిలోమీటర్ల పైమాటే. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ 35 కిలోలు, లేజర్ 60 కిలోల లోపు. వీటిని కారు టాపు మీద కట్టుకుని పోవచ్చు. చిక్కంతా జె-24 లాంటి పడవతో. అడుగున బరువైన కీల్ ఉన్న ఆ పడవే దాదాపు 1,400 కిలోలు. ట్రైలర్‌తో కలిపి 1,800 అనుకుందాం.

బళ్ళ గురించి మన కబుర్లన్నీ పికప్ చుట్టూ, టార్క్ చుట్టూ తిరుగుతాయి. 2,000 కిలోల డీజిల్ బండి 1,800 కిలోల ట్రైలర్‌ని లాగుతుందా? చదును రోడ్డు మీద సునాయాసంగా లాగేస్తుంది. లాగినంతసేపూ ఏ ఇబ్బందీ తెలియదు, అదే మోసం. ఇంజను బలం గురించి అడిగినంతగా బ్రేకుల గురించి ఎవరూ అడగరు.

ఆ లెక్క ఇక్కడ వేద్దాం. పొడి రోడ్డు, మంచి టైర్లు, గంటకి 80 కిలోమీటర్ల వేగం. బండి ఒక్కటే అయితే, బ్రేకు పడ్డాక దాదాపు 36 మీటర్లలో ఆగుతుంది. సొంత బ్రేకుల్లేని ఆ ట్రైలర్‌ని తగిలిస్తే, అవే బ్రేకులు 3,800 కిలోలని ఆపాలి. దూరం 68 మీటర్లకి పోతుంది. కాలు బ్రేకు మీదకి వెళ్ళేలోపు దొర్లిపోయే దూరం వేరే.

అంటే అదనంగా 32 మీటర్లు. ఈ 32 మీటర్లు ఎవరివి? గాజువాక కూడలిలో ఆ జాగాలో షిఫ్టు దిగి ఇంటికెళ్తున్న స్టీల్‌ప్లాంట్ కార్మికుడి స్కూటర్ ఉండచ్చు, ఆటో ఉండచ్చు, రోడ్డు దాటుతున్న ముసలావిడ ఉండచ్చు. వాళ్ళెవరూ నా పడవ ఎక్కరు, ఆ గాలి వాళ్ళకి తగలదు. వాళ్ళ చోటుని వాళ్ళనడక్కుండా నేను వాడుకుంటున్నాను.

"రోడ్డన్నాక ప్రమాదం ఉండదా? ప్రతివాడూ ప్రతివాడి మీదా మోపుతూనే ఉన్నాడుగా!" అనచ్చు. నిజమే. అమెరికన్ న్యాయశాస్త్రవేత్త జార్జ్ ఫ్లెచర్ 1972లో దీనికొక కొలత ఇచ్చాడు: మనం ఒకరి మీద ఒకరం ఇంచుమించు సమానంగా మోపుకునే ప్రమాదాలు వేరు, ఒకవైపు నుంచే ఎక్కువగా పడేవి వేరు. స్కూటర్ వల్ల నాకున్న ప్రమాదం, నావల్ల స్కూటర్‌కి ఉన్న ప్రమాదం ఎప్పుడూ సమానం కావు. ట్రైలర్ తగిలించిన క్షణాన ఆ త్రాసు ఇంకా ఒరుగుతుంది.

ఇనుము మోసే ఊరికి ఇది తెలియని విషయం కాదు. లారీ వెనక మీటరు దాకా చువ్వలు బయటికి ఉండచ్చని ఒకప్పటి నిబంధన. 2014లో ఆ వెసులుబాటు తీసేశారు. ఆ ఒక్క మీటరూ సరుకు యజమానికి సౌకర్యం. రాత్రిపూట వెనక వచ్చేవాడికి అదే చావు.

1976లో బెర్నార్డ్ విలియమ్స్ అనే తత్వవేత్త ఒక లారీ డ్రైవర్ గురించి రాశాడు. అతని తప్పేమీ లేకుండానే ఒక పిల్లవాడు లారీ కింద పడి చనిపోతాడు. మనం ఆ డ్రైవర్ని ఓదారుస్తాం, కానీ అతను మరీ తొందరగా తేరుకుంటే మనకేదోలా ఉంటుంది. అదే చర్చలో థామస్ నేగెల్ ఇంకో మెలిక పెట్టాడు. ఆ డ్రైవర్ బ్రేకులు చూపించుకోవడంలో కాస్త అశ్రద్ధ చేసి ఉంటే? పిల్లవాడు అడ్డురాకపోతే అది చిన్న అశ్రద్ధ, వస్తే జీవితాంతం మోయాల్సిన నేరం. రెంటికీ మధ్య తేడా అదృష్టమే.

నాకు తోచేది ఇంకొకటి. ట్రైలర్ విషయంలో ఆ అశ్రద్ధ రోడ్డు మీద జరగదు. బండి కొనేటప్పుడు, పడవ ఎక్కించేటప్పుడు, తీరుబడిగా, ఆలోచించుకునే వ్యవధి ఉండగానే జరుగుతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడేలా పడవని ముందుకి జరపాలి. బరువు వెనక్కి పోతే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది, స్టీరింగ్ తిప్పి సరిచేయబోతే ఇంకా ఊగుతుంది. హిచ్ కింద గొలుసులు అడ్డంగా వెయ్యాలి. కదలకముందే తెరకొయ్య దించాలి, అల్యూమినియం కొయ్యకి కరెంటు తీగ ఎదురైతే చెప్పేదేముంది? ఉప్పునీళ్ళలో మునిగిన చక్రాల బేరింగులకి మళ్ళీ గ్రీజు పెట్టాలి. వీటిలో ఒక్కటి కూడా 'అనుకోకుండా' అనడానికి వీల్లేదు.

ఇక ఏ బండి? ట్రైలర్ కంటే స్పష్టంగా బరువైనది, తడిసి పాకుడు పట్టిన ర్యాంపు మీద జారకుండా వెనక చక్రాలకో నాలుగింటికో శక్తి అందేది. ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి, యూరప్‌లో 750 కిలోలు దాటితే అవి తప్పనిసరి. ఇవి కుదరకపోతే పడవని లారీ ఎక్కించి, బాడుగ కట్టి పంపడం నయం. ఫొటోలో అంత అందంగా ఉండదు, అంతే.

అదీ కాదంటే ఇంకో లెక్క మిగిలింది. బ్రేకుల్లేని అదే ట్రైలర్‌తో 60లో వెళ్తే బండి 38 మీటర్లలో ఆగుతుంది. ఒంటరి బండి 80లో ఆగే దూరానికి ఇంచుమించు సమానం. 600 కిలోమీటర్లకి ఏడున్నర గంటల బదులు పది గంటలు పడుతుంది. రోడ్డు మీద వాళ్ళ 32 మీటర్లు వాళ్ళకి తిరిగిచ్చేయడానికి అయ్యే ఖర్చు రెండున్నర గంటలు. పడవ పందానికి వెళ్ళేంత తీరిక ఉన్నవాడికి అది లేకపోదు.