ఆటను ఆపే హక్కు

ఆటల నియమాలలో ఏవి మేలైనవి అనే ప్రశ్న పిల్లల ప్రశ్నగా కనబడుతుంది. పెద్దలు దానిని విని నవ్వి ఊరకుంటారు. కాని నియమం ఎవరి కొరకు ఏర్పడినది, నియమం మౌనం వహించినచోట ఎవరి మాట చెల్లవలెను అని ఒక్క అడుగు ముందుకు వేసినంతనే ఆ ప్రశ్న న్యాయశాస్త్రపు గడప దగ్గరకు చేరుతుంది. ఈ రెండింటి నడుమ దూరం పెద్దలు అనుకొనేటంత లేదు.

ఈ సంగతి ఆలోచించడానికి ఖరగ్‌పూర్ వంటి ఊరు తగినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కల్పించిన ఊరది. రైలు వచ్చినది, రైలు వెంట కర్మాగారం వచ్చినది, వాటి వెంట విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుండి తెలుగు కుటుంబాలు వచ్చినవి. వంగదేశపు నేలమీద తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా ఒకే వీధిలో వినబడుతున్నవి. అక్కడ పగలంతా మనిషి నియమాల నడుమ మెలగుతాడు. ఏ బండి ఏ పట్టామీదికి రావలెనో, ఏ మార్గం తెరచినప్పుడు ఏ మార్గం మూసుకొనవలెనో అంతా ముందుగా నిర్ణయమై ఉన్నది. 2017లో ఆ స్టేషనులో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అమర్చినప్పుడు 800 మార్గాలను దానిలో ఇమిడ్చినారు. అన్ని మార్గాలున్నా ఒకదానికొకటి అడ్డువచ్చే రెండింటిని ఒకేసారి తెరవడానికి ఆ యంత్రం ఒప్పుకొనదు.

ఇక క్వార్టరు అరుగుమీద సుద్దతో ఇరవై ఐదు గళ్ళు గీసి, నాలుగు గవ్వలు విసరి, చింతపిక్కలనే కాయలుగా నడిపే అష్టాచెమ్మ విషయం వేరు. దాని నియమాలకు అచ్చు గ్రంథం లేదు. ఇంటి ఆచారమే ప్రమాణం. ఎదుటివారి కాయను ఒక్కదానినైనా చంపనిదే లోపలి గళ్ళలోనికి ప్రవేశం లేదని ఒక ఇంటివారంటారు. అటువంటి నిర్బంధం మేమెరుగమని పక్కింటివారంటారు. ఇది చిన్న భేదం కాదు. రెండవ విధంగా ఆడినప్పుడు సాధుస్వభావం కలవాడు ఎవరి జోలికీ పోక, కట్టుగళ్ళలో నిలుస్తూ, తన కాయలను తాను పండించుకొనవచ్చును. మొదటి విధంగా ఆడినప్పుడు అతడు కూడా వేటగాడు కాక తప్పదు. మనిషి మారలేదు, గవ్వలు మారలేదు. నియమం మారినది, దానితో నడవడి మారినది. నియమాలను పోల్చి చూడడమంటే ఏది ఎటువంటి నడవడిని బలవంతం చేస్తున్నదో చూడడమే.

ఈ పోలికను అతి శ్రద్ధగా సాగించినవారు ఇటీవలి కాలంలో పాత్రధారణ క్రీడలను కల్పించినవారు. ఆ ఆట ఎరుగని పాఠకుని కొరకు దాని స్వరూపం కొంత చెప్పవలసి ఉన్నది. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, ‘నేను ఈ తలుపు తెరుస్తున్నాను’, ‘నేను ఆ దొరకు అబద్ధం చెబుతున్నాను’ అని నోటితో చెబుతారు. ఆ పని నెరవేరినదా లేదా అన్నది పాచికలూ, నియమ గ్రంథమూ, సూత్రధారీ కలిసి తేలుస్తారు. గెలుపు ఓటములు ప్రధానం కావు. కథ నడవడమే ప్రధానం. ఇందులో మొదటిదని చెప్పదగిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు ప్రకటించినారు.

దీని తాత మాత్రం సైనికుల ఆట. 1824లో ప్రష్యా దేశంలో రైస్‌విట్జ్ అనే యువ అధికారి పటంమీద ఆడే యుద్ధక్రీడను అచ్చువేయించినాడు. అందులో తుపాకి ఎంత దూరం నుండి ఎందరిని పడగొట్టునో పట్టికలు ఉండినవి, పాచికలు ఉండినవి, వాటిని చూచి తీర్పు చెప్పే మధ్యవర్తి ఉండినాడు. 1876లో వెర్దీ ద్యు వెర్న్వా అనే మరొక ప్రష్యా సేనాని ఆ పట్టికల బరువును తీసివేసి, యుద్ధానుభవం గల మధ్యవర్తి తన బుద్ధితోనే తీర్పు చెప్పవచ్చునన్నాడు. పట్టిక నమ్మదగినదా, మనిషి నమ్మదగినవాడా అనే వివాదం అప్పుడు మొదలైనది. నూరేళ్ళు గడచిన తరువాత సరదా కొరకు ఆడేవారు అదే వివాదాన్ని వారసత్వంగా అందుకొన్నారు.

పాచికల తీరులో కూడా ఒక తత్త్వం దాగి ఉన్నది. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో ముఖ్యమైన పాచికకు ఇరవై ముఖాలు. ఏ ముఖం పడే అవకాశమైనా ఇరవైలో ఒకటి. అక్కడ అద్భుతమూ, అధ్వాన్నమూ, సామాన్యమూ ఒకే వెలకు దొరుకుతవి. 1986లో వెలువడిన ‘గర్ప్స్’ మూడు మామూలు పాచికలను కలిపి విసరమంటుంది. అప్పుడు పది పడే అవకాశం ఎనిమిదింట ఒకటి, పద్దెనిమిది పడే అవకాశం 216లో ఒకటి. అక్కడ బ్రతుకు నడిమి దారినే నడుస్తుంది, అద్భుతం అరుదు. కార్ఖానా పని ఎరిగినవారికి ఈ రెండవదే లోకానికి దగ్గరగా తోచవచ్చును. 1991లో ఎరిక్ వూజిక్ రచించిన ‘ఆంబర్’ పాచికలనే తోసిపుచ్చినది. అందులో ఆటగాళ్ళు తమ శక్తులను మొదటనే వేలంపాటలో కొనుక్కొంటారు. అటుపై ఎవరిది పైచేయి అన్నది సూత్రధారి పరిస్థితినిబట్టి నిర్ణయిస్తాడు. విధి బల్ల దిగిపోయినది. దాని పీటమీద మనిషి కూర్చున్నాడు.

2010లో విన్సెంట్ బేకర్ ప్రకటించిన ‘అపోకలిప్స్ వరల్డ్’ మరొక విధమైనది. రెండు పాచికలు విసిరి, పాత్ర బలాన్ని కూడగా పది, ఆ పైన వస్తే పని నెరవేరినట్లు. ఏడు మొదలు తొమ్మిది వరకు వస్తే పని నెరవేరుతుంది గాని ఏదో ఒక మూల్యం చెల్లించవలెను. ఆరు, ఆ లోపు వస్తే ఆపద. బలం సున్న అయినవాడు విసిరితే 36 విధాలలో నిష్కళంకమైన జయం ఆరింటికే, మూల్యంతో కూడిన జయం పదిహేనింటికి, ఆపద పదిహేనింటికి. ఏమీ కోల్పోకుండ పని సాధించడం అరుదని చెప్పడానికి ఈ లెక్క కల్పించిన నియమకర్త సంసారం ఎరిగినవాడే అయి ఉండవలెను. కాని అంతకన్న ముఖ్యమైన భేదం వేరొకటి ఉన్నది. గైగాక్స్ 1979లో సూత్రధారుల కొరకు వ్రాసిన గ్రంథంలో తుది మాట సూత్రధారిదే. అతడు నియమానికి పైన ఉన్నాడు. బేకర్ ఆటలో సూత్రధారి పాచికలు విసరనే విసరడు. అతడేమి చేయవలెనో, ఏ లక్ష్యాలకు కట్టుబడవలెనో గ్రంథమే విధించినది. అతడు నియమానికి లోబడి ఉన్నాడు. రాజు ధర్మానికి పైవాడా లోపలివాడా అని మన ధర్మశాస్త్రాలు తర్కించిన ప్రశ్నను ఈ ఆటలవారు తమకు తెలియకనే తిరిగి తెరచినారు.

ఇంతవరకు చెప్పినవాటిలో ఏ పద్ధతి మేలు? పట్టిక పక్షపాతం ఎరుగదు గాని కరుణ కూడా ఎరుగదు. మధ్యవర్తికి కరుణ ఉండవచ్చును, పక్షపాతమూ ఉండవచ్చును. ఈ తూనికను ఎంతసేపు తూచినా ముల్లు నిలవదు. దానికి కారణం ప్రశ్న మరొకచోట ఉండడమే. ఆ చోటు భారతకథలోని జూదసభ.

ఆ సభలో నియమాలు లేవని ఎవరూ అనజాలరు. దుర్యోధనుని పక్షాన శకుని ఆడడం సరికాదని ధర్మరాజు ముందే అన్నాడు. అని కూడా ఆడినాడు. పిలిచిన జూదానికి వెనుదీయరాదన్నది అతడు తనకు తాను విధించుకొన్న నియమం. తమ్ములను ఒడ్డినాడు, తన్ను ఒడ్డుకొని ఓడినాడు, ఆ తరువాత ద్రౌపదిని ఒడ్డినాడు. ఆమె సభకు పంపిన ప్రశ్న కన్నీటితో తడిసినదే అయినా, దాని రూపం అచ్చంగా ఆట నియమానికి సంబంధించినది: ముందు తన్నోడెనా, నన్నోడెనా? తానే దాసుడైనవాడికి పణంగా పెట్టే అధికారం మిగిలి ఉన్నదా? భీష్ముడు ధర్మం సూక్ష్మమని చెప్పి తేల్చలేక పోయినాడు. వికర్ణుడు ఒక్కడే లేచి, ధర్మరాజు అప్పటికే ఓడినాడనీ, ఆమె అయిదుగురికి భార్య అనీ, ఆ పణాన్ని సూచించినది శకుని అనీ కారణాలు చూపినాడు. సర్వస్వం ఒడ్డినప్పుడు ఆమె అందులో చేరినదే గదా అని కర్ణుడు ఖండించినాడు. ఇద్దరూ నియమాన్నే ఉదహరించినారు. వారు వాదిస్తూ ఉండగానే ఆమెకు జరగరాని అవమానం జరిగినది. చివరకు ధృతరాష్ట్రుడు అపశకునాలకు భయపడి వరాలిచ్చినాడే తప్ప ప్రశ్నకు ఉత్తరమివ్వలేదు. మరల జూదానికి పిలిచినారు. ధర్మరాజు మరల వచ్చినాడు.

ఆ సభకు పట్టిక కొరవడలేదు, పెద్దలు కొరవడలేదు. కొరవడినది ఆటను ఆపగల మనిషి. పణంగా పెట్టబడినవారికి ఆటలో చోటు లేదు, చోటు లేనివారికి ఆపే అధికారం లేదు.

పాత్రధారణ క్రీడలలో ఈ లోపాన్ని గుర్తించి 2013లో జాన్ స్టావ్రోపులస్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పినాడు. ఇంటూ గుర్తు వ్రాసిన చీటీ ఒకటి బల్ల నడుమ ఉంచుతారు. కథ తనకు సహించరాని చోటికి పోతున్నదని తోచినవారెవరైనా దానిని తాకవచ్చును. తాకినంతనే ఆ సంగతి విడిచిపెట్టి కథను పక్కకు త్రిప్పవలెను. ఎందుకని అడగరాదు. వందల పుటల గ్రంథాల ప్రక్కన ఈ చీటీ అల్పంగా కనబడుతుంది. దీనిని ఎగతాళి చేసేవారూ ఉన్నారు. కారణం చెప్పనక్కరలేని అధికారం దుర్వినియోగం కాదా అని వారి ఆక్షేపణ.

ఆ ఆక్షేపణకు రైల్వే ఊరిలో బలం ఉన్నది. పెట్టెలో గొలుసు ప్రతి ప్రయాణీకునికీ అందేటట్లే వేలాడుతుంది. కాని తగిన కారణం లేక లాగినవారికి 1989 నాటి రైల్వే చట్టం 141వ విభాగం ఏడాది వరకు ఖైదు, లేదా వేయి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటున్నది. వేయిమంది ప్రయాణం ఒకరి చేతిలో ఉన్నప్పుడు కారణం అడగడం అన్యాయం కాదు. అయితే అదే రైల్వే తన పనివారికి మరొక ధర్మం నేర్పినది. ఆగవలసిన చోట సిగ్నలు లేకపోయినా, సరిగా కనబడకపోయినా, ఇంజను నడిపేవాడు దానిని ఆగమనే ఆజ్ఞగా తీసుకొనవలెను. పగలు చేతిలో జెండా లేని కూలి రెండు చేతులూ తలపైకెత్తినా, రాత్రి తెల్లదీపాన్నే గట్టిగా ఊపినా బండి ఆగవలసినదే. ముందు ఆగడం, తరువాత విచారణ. సభలో పెద్దలు ఈ వరుసను తారుమారు చేసినారు. విచారణ తేలేదాకా ఆగబోమన్నారు, విచారణ తేలలేదు.

ఆపే హక్కు ఊరికే దొరకదని కూడా ఖరగ్‌పూర్‌కు తెలుసు. 1927లో అక్కడి కర్మాగారం సమ్మెనూ, లాకౌటునూ చూచినది. ఆ కార్మికుల పక్షాన నిలిచినవారిలో, తరువాత 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. రెండేళ్ళకే, అంటే 1929లో, కార్మిక వివాదాల చట్టం వచ్చి, రైల్వే వంటి ప్రజోపయోగ శాఖలలో పని ఆపవలెనంటే పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వవలెనన్నది. ఆపవచ్చును గాని చెప్పి ఆపుమన్నమాట. పద్నాలుగు రోజులు ఓపిక పట్టగల బాధకు ఆ నియమం సరిపోతుంది. ద్రౌపది ప్రశ్నకు పద్నాలుగు క్షణాలైనా వ్యవధి లేదు.

గొలుసుకు కారణం అడిగి, చీటీకి అడగకపోవడంలో వైరుధ్యమేమీ కనబడదు. ఆగడం వల్ల ఇతరులకు కలిగే నష్టమెంత, ఆగకపోవడం వల్ల ఒక్కరికి కలిగే నష్టమెంత అన్న లెక్కమీద అది ఆధారపడుతుంది. కథ పక్కకు తిరిగితే బల్ల చుట్టూ ఉన్నవారు పోగొట్టుకొనేది ఒక సాయంకాలపు ముచ్చట. ఆ చీటీ తాకినవారు చెప్పవలసి వచ్చే కారణం ఒక్కొక్కప్పుడు గాయంకన్న బాధాకరమైనది. సభలో నిలబడి తన స్థితిని తానే వివరించవలసి రావడం ద్రౌపదికి జరిగిన అవమానంలో ఒక భాగమే గదా.

అష్టాచెమ్మ అరుగుమీద ఈ చీటీ లేదు. కాని తెలుగు పిల్లలకు ‘తూచ్’ అనే మాట ఉన్నది. వేసిన పందెం తూచ్ అంటే అది లెక్కలోనికి రాదు. గవ్వ అరుగు దిగి దొర్లినప్పుడు, చెయ్యి తగిలినప్పుడు, ఒక్కొక్కప్పుడు చిన్నవాడు ఏడ్పుమొగం పెట్టినప్పుడు, ఎవరో ఒకరు ఆ మాట అంటారు. ఎందుకు తూచ్ అని పెద్దపిల్ల అడుగుతుంది. ఊరికేనే అంటాడు వాడు. ఆమె కొంచెంసేపు వాడి మొగం చూచి, గవ్వలు తిరిగి వాడి చేతిలో పోస్తుంది.