పిల్లికి లేని అంటు

అంటు అనేది శుభ్రత కోసం వచ్చిన ఆచారమని, అందులో ఒకప్పుడు ఏదో ఆరోగ్య సూత్రం ఉండెనని చెప్పేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. చదువుకున్నోళ్లే చెప్తరు. వాళ్లకు మా ఇంటి పిల్లి సంగతి చెప్పాలె.

అది ఒట్టి దొంగది. మాదిగవాడల మా గుడిసె ముందర దండెం మీద తునకలు ఆరేస్తే, మా అవ్వ కట్టె పట్టుకొని కావలి కూసున్నా రెండు గుంజుకపోయేది. ఎలుకను పట్టి సగం తిని, మిగతా సగం బాపు పక్కబట్టల మీద పెట్టేది. బాపు తిట్టుకుంటనే దానికి బువ్వల ఇంత పులుసు కలిపి పెట్టేటోడు.

1974 మాఘమాసం. శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతదంటరు గానీ, పోయేముందు మా అసుంటోళ్ల ఎముకలు లెక్కబెట్టి పోతది. గోదావరి అవతల ఆదిలాబాద్ అడవుల మీదికెల్లి ఇగం దిగుతుండె. ఇటు మెట్‌పల్లి దిక్కు పసుపు తవ్వే కాలం. అప్పుడది కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. కోడికూతకు లేచి నేను, అవ్వ ఒర్రె దాటి, పొలంగట్ల మీదుగ రెండు మైళ్లు నడిచినం. గడ్డి మీది మంచుకు ఉత్త కాళ్లు మొద్దుబారినయి. నెత్తిన గోనెసంచి కప్పుకున్న. వెనకనే వచ్చిన పిల్లి ఒర్రె కాడ నీళ్లు చూసి అరిస్తే ఎత్తుకొని సంచి కింద పెట్టుకున్న. ఇద్దరికీ వెచ్చగుండె.

గడ్డపారలు, గంపలు ఆసామి దొడ్లనే ఉంటయి. మేం అక్కడ నిలబడంగనే పిల్లి దుంకి వసారా ఎక్కింది. దాలి మీది పాలకుండ మూత జరిపి మీగడ నాకింది. ఆ ఇంటామె చూసి నవ్వింది. "దొంగముండ! మళ్లొచ్చినవా?" అన్నది. పైమీగడ తీసి పిల్లికే వేసి, కుండను లోపలికి పట్టుకపోయింది. రాత్రి తునకలు తిన్న మూతి అది. పాలు మైలపడలే.

పిల్లిని తెద్దామని నేను వసారా మీద ఒక కాలు పెట్టిన. నవ్వు ఆగింది. "దిగురా కిందికి!" నేను దిగినంక, నా కాలు పడ్డ చోట పసుపునీళ్లు చల్లింది. ఆ పసుపు పోయినేడు మా అవ్వ తవ్విందే. వాళ్ల గడపకు పూసిందీ అదే. మేం ముట్టిన కొమ్ము దేవుని దగ్గరికి పోతది. మా కాలి మైలను కూడా అదే కడుగుతది. మా చెమటకు అంటు లేదు, మాకే ఉన్నది.

చేనుకు పోతుంటె అవ్వనడిగిన: "మన పిల్లి పోయింది గద, నేను పోతే ఏమైతది?"

అవ్వ కొంచెంసేపు మాట్లాడలే. "పిల్లి కూలడుగుతదా బిడ్డా? భూమిల పాలడుగుతదా?" అన్నది.

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో పోయి చౌదార్ చెరువు నీళ్లు తాగిండు. అప్పటిదాక ఆ నీళ్లు పశువులు తాగొచ్చు, అంటరానోళ్లు తాగొద్దు. తర్వాత పేడ, గోమూత్రం కలిపిన కుండలు గుమ్మరించి చెరువును శుద్ధి చేసిన్రు. శుభ్రతే సంగతైతే పేడనీళ్లతో శుద్ధి ఎట్లైతది? 1931ల గాంధీని మొదటిసారి కలిసినప్పుడు, మమ్మల్ని కుక్కలకన్న పిల్లులకన్న హీనంగ చూసే దేశాన్ని నాదని ఎట్ల అనుకోవాలని అంబేద్కర్ అడిగిండు. కొందరికది ఉపమానం. మాకది వసారా కాడ కండ్లార చూసిన సంగతి.

అవ్వ అన్న మాటకు 1978 సాక్ష్యం. ఆ సెప్టెంబర్‌ల జగిత్యాల జైత్రయాత్రకు కూలీలు వేలల్ల కదిలిన్రు. వెట్టి చెయ్యమన్నరు, కూలి పెంచమన్నరు, భూమి అడిగిన్రు. ఆ యేడే సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. పిల్లులు ఎన్ని పాలకుండలు ఖాళీ చేసినా ఏ తాలూకా కల్లోలితం కాలే.

అయితే పిల్లికి దొరికింది మాకూ దొరికితే చాలునా? అసలు ప్రశ్న ఇదే. పిల్లిది దయ మీది బతుకు. ఆమె నవ్వినంతసేపే దానికి వసారా. కోపమొస్తే కట్టె. "మేం వాళ్లను ఇంట్ల కూసోబెట్టి చాయ పోస్తం" అని గొప్పగ చెప్పే మంచోళ్లను చూసిన. వాళ్ల మంచితనాన్ని కాదనను. కానీ పోసేదీ వాళ్లే, పోస్తమని చెప్పుకునేదీ వాళ్లే. రేపు పొయ్యకపోతే ఎందుకు పొయ్యలేదని అడిగే వీలు మాకు లేకపోతే, అది సమానత్వం కాదు, పెంపకం. చెరువుకు పోయేది దూప తీర్చుకునేందుకు కాదు, మేమూ మనుషులమని నిలబెట్టేందుకని మహద్‌లోనే అంబేద్కర్ చెప్పిండు. రాజ్యాంగం 17వ అధికరణం అంటును రద్దు చేసింది, మా మీద జాలి చూపమని ఎవరినీ బతిమిలాడలే.

పిల్లి మీద నాకు కోపం లేదు. మా గుడిసెల ఎట్ల తిరిగిందో వాళ్లింట్ల అట్లనే తిరిగింది. ఆ ఊళ్లె అంటు పాటించని ప్రాణి అదొక్కటే. మనుషులు అంత దూరం ఇంకా రాలే. పట్నంల కిరాయి ఇంటికి పోతే జీతం అడిగినంక ఇప్పటికీ ఇంటిపేరు అడుగుతరు, అదీ చాలకపోతే ఏం తింటరని అడుగుతరు.

పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత. నిజమే. అందుకే మేం శపిస్తలేం. పిల్లి అడగనివి అడుగుతున్నం.