ఇంటి పిల్లలకూ జీతం

వేసవి సెలవుల్లో మన ఊళ్లలో ఏ కిరాణా కొట్టుకెళ్లినా, కాటా దగ్గర పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లో పిల్లాడో కనిపిస్తారు. కందిపప్పు తూచి, పొట్లం కట్టి, అరువు పుస్తకంలో పద్దు రాసి, చిల్లర లెక్కపెట్టి ఇస్తుంటారు. అదే పని చేసే గుమాస్తాకు నెల తిరిగేసరికి జీతం అందుతుంది. ఇంటి పిల్లలకు మాత్రం "మన కొట్టే కదమ్మా!" అన్న మాట దక్కుతుంది.

ఆ మాటలో ఆప్యాయత ఉంది, కాదనను. అయినా వాళ్ల కష్టానికి డబ్బు ఇవ్వాలనే నేనంటాను. అడిగినప్పుడల్లా జేబులోంచి తీసిచ్చే చేతిఖర్చు వేరు. పని చెప్పిన రోజే ఇంత అని మాట్లాడుకుని, ఖాతాలో పేరు రాసి, గుమాస్తాతో పాటే చేతిలో పెట్టే జీతం వేరు. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరిట పొదుపు ఖాతా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు వీలిస్తున్నాయి. ఆ సొమ్ము అక్కడ వేసుకోమనండి. ఏం కొనుక్కోవాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

అయితే చదువు చెడకూడదు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు ఇంటి వ్యాపారంలో బడి వేళలయ్యాక, సెలవుల్లో సాయపడొచ్చు, అంతే. మందుగుండు లాంటి ప్రమాదకరమైన పనులు 18 నిండేదాకా చేయించకూడదు.

ఇంకో సంగతి. గల్లా దగ్గర కూర్చున్న కొడుక్కి ఇచ్చి, లోపల పచ్చళ్లు సీసాలకెత్తిన కూతుర్ని మరిచిపోయే ఇళ్లున్నాయి. దయచేసి ఇద్దరి పేర్లూ రాయండి, ఇద్దరికీ ఒకే లెక్కన ఇవ్వండి.